ఇంగ్లిష్ క్లాసులో బొమ్మలు, లేబుళ్లు, గ్రాఫులు ఎలా చదివించాలి? ఒక కొత్త టీచర్ ప్రశ్నకు జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డీఎస్సీలో ఇంగ్లిష్ స్కూల్ అసిస్టెంట్‌గా ఎంపికై జెడ్పీ హైస్కూల్లో చేరారు. 8, 9, 10 తరగతులు మీవే. బీఈడీలో విజువల్ లిటరసీ (బొమ్మను చదవడం), మల్టీమోడల్ లిటరసీ (బొమ్మ, మాట, శబ్దం కలిపి చదవడం) అని చదివారు. తీరా క్లాసులో ఫేస్ షీట్ (యూనిట్ మొదట్లో ఉండే బొమ్మ పేజీ) చూపించి 'వాట్ డు యు సీ?' అంటే 'ట్రీ సార్, బాయ్ సార్, హౌస్ సార్' దగ్గరే ఆగిపోతున్నారు. ప్రొజెక్టర్ లేదు, సిలబస్ టెన్షన్ ఉంది. అసలిది పనికొచ్చేదేనా, అయితే ఎలా చెప్పాలి?

పనికొస్తుంది. దానికోసం విడిగా పీరియడ్లు కేటాయించక్కర్లేదు కూడా. పిల్లలు 'ట్రీ, బాయ్, హౌస్' దగ్గర ఆగిపోతున్నారంటే వాళ్లకు ఇంగ్లిష్ రాదనే అనుకోకండి. మీరడిగిన ప్రశ్నకు సరైన జవాబు అదే. ఏం కనిపిస్తోంది అంటే ఎవరైనా పేర్లే చెబుతారు. పిల్లలు బొమ్మ గురించి ఏమన్నా సరే, దానికి రుజువు బొమ్మలోనే వేలుపెట్టి చూపించమనండి. ఈ ఒక్క అలవాటు పడితే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. ఇది పడకుండా ఎన్ని పోస్టర్లు చేయించినా గోడ నిండుతుందంతే.

అమెరికాలో అబిగెయిల్ హౌసెన్ అనే మనస్తత్వ పరిశోధకురాలు, మ్యూజియంలో విద్యా కార్యక్రమాలు నడిపిన ఫిలిప్ యెనవైన్ కలిసి తయారుచేసిన విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్ పద్ధతిలో ఉన్నవి మూడే ప్రశ్నలు. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనిపెట్టగలం? టీచర్ తప్పొప్పులు చెప్పకూడదు. పిల్లవాడు వేలు పెట్టి చూపించిన చోటును అందరికీ చూపించాలి, వాడన్న మాటను తిరిగి చెప్పాలి. ఈ తిరిగి చెప్పడమే మనలాంటి చోట్ల అసలు బంగారం. వాడు 'హి యాంగ్రీ సార్, ఐస్ సీ' అంటాడు. మీరు 'ఓకే, యు థింక్ హి ఈజ్ యాంగ్రీ బికాజ్ ఆఫ్ హిజ్ ఐస్' అంటారు. అందరి ముందూ తప్పు దిద్దినట్టు ఉండదు. సరైన వాక్యం మాత్రం వాడి చెవిన పడుతుంది. రెండో వారానికల్లా 'బికాజ్' వాళ్ల నోట్లోకి వచ్చేస్తుంది.

బోర్డుకు ఒక పక్కన కొన్ని మాటలు రాసి ఉంచండి, ఏడాదంతా చెరపకండి. ఐ థింక్, బికాజ్, ఇట్ లుక్స్ యాజ్ ఇఫ్, మే బి, మైట్ బి, మస్ట్ బి, ఇన్ ద ఫోర్‌గ్రౌండ్, ఇన్ ద బ్యాక్‌గ్రౌండ్. గ్రామర్ పీరియడ్‌లో మోడల్ వెర్బ్స్ అని ఎంత చెప్పినా 'మైట్'కీ 'మస్ట్'కీ తేడా ఎక్కదు. అదే బొమ్మలో ఒకామె తడి గొడుగు పట్టుకుని నిలబడి ఉంటే 'ఇట్ మస్ట్ హ్యావ్ రెయిన్డ్' అనాలా, 'మైట్ హ్యావ్' అనాలా అని వాళ్లలో వాళ్లే పోట్లాడుకుంటారు. రుజువు గట్టిదైతే మస్ట్, అనుమానమైతే మైట్. ఇంతకన్నా బాగా ఆ పాఠం చెప్పడం నాకు చేతకాదు.

మల్టీమోడల్ అనే పెద్ద పేరు గురించి రెండు ముక్కలు. 1994లో న్యూ లండన్ అనే అమెరికన్ ఊళ్లో కొందరు విద్యావేత్తలు కలుసుకుని, 1996లో ఒక వ్యాసం ప్రచురించారు. అక్షరం ఒక్కటే చదువు కాదు, బొమ్మ, శబ్దం, హావభావం, చోటు కూడా అర్థాన్ని చెబుతాయి, ఇవన్నీ కలిసే మనకు చేరతాయి అన్నది అందులో ప్రధానమైన మాట. అక్కడి నుంచే ఈ పాఠాలు మన బీఈడీ సిలబస్ దాకా వచ్చాయి. మన పిల్లలకు ఇది కొత్తేమీ కాదు. నకాషీ పటం విప్పి ఒక్కో గడి చూపిస్తూ కథ పాడే సంప్రదాయం చేర్యాల వైపు తరతరాలుగా ఉంది. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాల్లో బొమ్మ కింద తెలుగులో కథ రాసి ఉంటుంది. కొత్తగా చేయాల్సింది దీన్ని ఇంగ్లిష్ పీరియడ్‌లోకి తేవడమే.

ఇక నేను ప్రతి ఏడాదీ తొమ్మిదో తరగతిలో మొదట చేయించే పాఠం చెబుతాను. దానికి పుస్తకంతో పనిలేదు.

పురుగుమందు డబ్బా మీది లేబుల్. మాది పత్తి పండే ప్రాంతం. మందు కొట్టని ఇల్లు తక్కువ. డబ్బా మీద మూల మీద నిలబెట్టిన చదరం ఒకటి ఉంటుంది, అడ్డంగా చీలి రెండు త్రికోణాలుగా. కింది త్రికోణంలో రంగు. ఎరుపైతే విషం అత్యంత తీవ్రం, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, అన్నిటికన్నా తక్కువ ఆకుపచ్చ. పై త్రికోణంలో మాటలు. ఎరుపుకు పుర్రె, ఎముకల గుర్తుతో పాటు 'పాయిజన్' అని, పసుపుకు 'పాయిజన్' అని, నీలానికి 'డేంజర్' అని, ఆకుపచ్చకు 'కాషన్' అని ఉంటుంది. 1971 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ రూల్స్ ప్రకారం ఇలా ముద్రించి తీరాలి.

నేను ముందు మాటలు దాచేసి, నాలుగు రంగుల చదరాలు మాత్రమే బోర్డు మీద గీస్తాను. ప్రమాదం ఎక్కువ నుంచి తక్కువకు వరస పెట్టమంటాను. ఎరుపు విషయంలో గొడవ ఉండదు. పసుపు, నీలం దగ్గర తేడాలొస్తాయి. నీలం అంటే నీళ్లు, ఆకాశం, కాబట్టి దానితో భయం లేదు అంటారు. ఆకుపచ్చ దగ్గర మాత్రం క్లాసంతా ఒకటే మాట: 'సేఫ్ సార్'. కొందరు 'ఆర్గానిక్' అని కూడా అంటారు. అప్పుడు మాటలు బయటపెడతాను. ఆకుపచ్చ మీద 'కాషన్' ఎందుకుంది? సేఫ్ అయితే జాగ్రత్త దేనికి?

అక్కడి నుంచి పాఠం దానంతటదే నడుస్తుంది. సిగ్నల్ దగ్గర ఆకుపచ్చ వెళ్లమంటుంది. బిస్కెట్ పొట్లం మీద ఆకుపచ్చ చుక్క శాకాహారం అంటుంది. ఇక్కడ ఆకుపచ్చ 'మిగతా మూడింటికన్నా తక్కువ విషం' అని మాత్రమే చెబుతోంది. రంగుకు దానంతటదే అర్థం లేదు, అది ఎక్కడుంది, పక్కన ఏముంది అన్నదే అర్థాన్నిస్తుంది. ఈ మాట నేను చెప్పక్కర్లేదు, వాళ్లే అంటారు. పాయిజన్, డేంజర్, కాషన్ అనే మూడు మాటల బరువులో తేడా డిక్షనరీ తీయకుండానే వచ్చేస్తుంది. మిగతా లేబుల్‌లో ఉండేవన్నీ ఆజ్ఞార్థక వాక్యాలే కాబట్టి ఇంపరేటివ్స్ కూడా అయిపోతాయి.

ఒకసారి ఒక అమ్మాయి 'మా నాన్నకు చదువు రాదు, రంగు అర్థం ఆయనకెవరు చెప్పారు సార్?' అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్ననే ఆ వారం రాత పనిగా ఇచ్చాను: చదవడం రాని రైతుకు ఈ నాలుగు రంగులు అర్థమయ్యేలా గోడ పోస్టర్ తయారుచేయండి, మీరు ఎంచుకున్న ప్రతి గుర్తూ ఎందుకు ఎంచుకున్నారో ఇంగ్లిష్‌లో రాయండి. ఒక గుంపు రంగుకు తోడు పుర్రెల సంఖ్య పెట్టింది, ఎరుపుకు నాలుగు, ఆకుపచ్చకు ఒకటి. రంగు గుర్తులేకపోయినా లెక్క గుర్తుంటుందట. ఆ వివరణలో స్పెల్లింగ్ తప్పులు బోలెడు, కానీ ఆ ఆలోచనకు నేను పూర్తి మార్కులే వేశాను.

జాగ్రత్త ఒకటి: ఖాళీ డబ్బాలను బడికి తెమ్మని ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పకండి. కడిగినా అందులో మందు మిగిలే ఉంటుంది. పెద్దవాళ్ల చేత ఫోన్‌లో ఫొటో తీయించుకోవాలి, లేదంటే మీరే ఒకటి తీసి ప్రింట్ వేయించండి.

పట్టణ ప్రాంతంలో ఉంటే ఇదే పని మందుల షీట్ వెనక నిలువుగా ఉండే ఎర్రగీతతోనూ చేయవచ్చు. డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదని దాని అర్థం. 2016లో యాంటీబయాటిక్స్ విచ్చలవిడి వాడకం తగ్గించడానికి కేంద్రం దానిమీద ప్రచారం కూడా చేసింది. ఇంట్లో ఎంతమందికి ఆ గీత తెలుసో అడిగి రమ్మనండి. మాంసాహార గుర్తు కూడా మంచి పాఠమే. అది ఒకప్పుడు గోధుమరంగు చుక్క, ఇప్పుడు త్రికోణం. ఆకుపచ్చ చుక్కకూ గోధుమరంగు చుక్కకూ తేడా తెలియనివాళ్లు ఉంటారు, రంగు గుర్తుపట్టలేనివారికి ఆకారం సాయపడుతుంది. మీ క్లాసులోనూ అలాంటి పిల్లవాడు ఉండొచ్చు, రంగుల ఆధారంగా పని ఇచ్చేటప్పుడు అది మనసులో పెట్టుకోండి. ఆకారాల గొడవ మన ఎన్నికల్లోనూ ఉన్నదే. 2022 మునుగోడు ఉప ఎన్నికప్పుడు రోడ్డు రోలర్ లాంటి గుర్తులు కారులా కనిపిస్తున్నాయని టీఆర్ఎస్ అభ్యంతరం చెప్పింది. క్లాసులో మాత్రం దీని జోలికి వెళ్లకండి, సాయంత్రానికల్లా ఊళ్లో ఇంకోలా ప్రచారమవుతుంది.

పాఠ్యపుస్తకంతోనే చేయాలంటే పాఠాన్ని బొమ్మగా మార్పించండి. తెలంగాణ పదో తరగతిలో సోషల్ ఇష్యూస్ యూనిట్‌లో 'ద స్టోరీడ్ హౌస్' ఉంది కదా, వామన్ హోవళ్ కథ. రిటైరైన దళిత కార్మికుడు బయాజీ ఊళ్లో మేడ ఇల్లు కట్టుకోవాలనుకుంటాడు, ఊరి పెద్దకు అది కన్నెర్ర. చివరకు బయటికి మామూలు ఇల్లులా, లోపల చిన్న మేడ ఉండేలా కడతాడు. గైడ్‌లో 'వాట్ డజ్ ద హౌస్ సింబలైజ్?' అనే ప్రశ్నకు జవాబు ఉంటుంది, పిల్లలు దాన్ని బట్టీ కొట్టి రాసేస్తారు. నేను ఆ ప్రశ్న అడగను. రెండు బొమ్మలు గీయమంటాను. ఒకటి వీధిలో నిలబడి చూస్తే ఆ ఇల్లు ఎలా ఉంటుంది. రెండోది లోపలికి వెళ్లాక ఎలా ఉంటుంది. గీసిన ప్రతి గీతకూ పాఠంలో ఏ వాక్యం ఆధారమో పక్కన లైన్ రాయాలి.

బొమ్మలు అందంగా ఉండవు, అక్కర్లేదు. గీయాలంటే పాఠం మళ్లీ చదవక తప్పదు, అదీ నాకు కావలసింది. మెట్లు ఎక్కడ పెట్టాలి? కిటికీ ఉందా? ఊరి పెద్ద ఇల్లు పక్కన గీస్తే ఏది ఎత్తుగా ఉండాలి? రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టగానే ఎవరో ఒకరు అంటారు, మేడ ఉంది కానీ దాచుకోవాల్సి వచ్చింది సార్ అని. సింబలైజ్ అనే మాట నేను అప్పుడు బోర్డు మీద రాస్తాను, ముందు కాదు. ఇక్కడ ఇంకో విషయం. ఈ పాఠం చెప్పేటప్పుడు క్లాసులో బయాజీ లాంటి ఇళ్ల పిల్లలు ఉంటారు, ఊరి పెద్ద లాంటి ఇళ్ల పిల్లలూ ఉంటారు. 'మీ ఊళ్లో ఇళ్లు గీయండి' అని మాత్రం ఇవ్వకండి. కథలోని ఊరు గీయడమే చాలు, మిగతాది వాళ్లకు తెలుసు.

ఇదే దారిలో ఇంకోటి, చాలా ఇష్టమైనది. అమరావతి స్తూపం నుంచి వచ్చిన ఒక గుండ్రని శిల్పం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది, దాదాపు రెండో శతాబ్దం నాటిది. బుద్ధుడి మీదకు వదిలిన నలగిరి అనే మదపుటేనుగు కథ అది. ఇంటర్నెట్‌లో మంచి ఫొటోలు దొరుకుతాయి. కథ చెప్పకుండా బొమ్మ ఇచ్చి 'హౌ మెనీ ఎలిఫెంట్స్?' అని అడగండి. అందరూ 'టూ' అంటారు. ఒక వైపు ఏనుగు జనాన్ని తొక్కుతూ వస్తోంది, ఇంకో వైపు మోకరిల్లి ఉంది. ఏనుగు ఒకటే, రెండు క్షణాలు ఒకే చట్రంలో ఉన్నాయని తేలడానికి సగం పీరియడ్ పడుతుంది. ఆ సగం పీరియడ్ వృథా అనుకోకండి. ఫస్ట్, దెన్, బై ద టైమ్, ఫైనల్లీ అనే మాటలన్నీ అప్పుడే అవసరమవుతాయి. పైన కిటికీల్లోంచి తొంగిచూసే మనుషులున్నారు, వాళ్లలో ఒకరి మాటల్లో ఈ సంఘటన రాయమంటే నరేటివ్ రైటింగ్ అయిపోతుంది. మన నేల మీద చెక్కిన శిల్పం కామిక్ పుస్తకంలా కథ చెబుతోందని తెలిశాక పిల్లల్లో వచ్చే ఉత్సాహం వేరు.

ఫొటో, దాని కింద వాక్యం. బొమ్మకు చాలా అర్థాలు ఉండవచ్చు, కింద రాసిన మాట వాటిలో ఒకదాన్ని పట్టి ఉంచుతుంది అని ఫ్రెంచి విమర్శకుడు రోలాఁ బార్త్ 1964లో ఒక పాస్తా ప్రకటన తీసుకుని వివరించాడు. మనకు ఇది చందమామ చదివిన తరానికి బాగా తెలుసు. ఫొటో వ్యాఖ్యల పోటీలో రెండు ఫొటోలు ఇచ్చి, రెండింటికీ జత కుదిరే వ్యాఖ్యలు పంపమనేవాళ్లు. అదే పోటీ ఇంగ్లిష్‌లో పెట్టండి. ఇంగ్లిష్ పేపర్‌లోంచి రెండు ఫొటోలు కత్తిరించి, కింద వ్యాఖ్య లేకుండా నోటీసు బోర్డుకు అంటించండి. వారానికి ఒకసారి. పది మాటలకు మించకూడదని నియమం పెట్టండి, లేకపోతే వ్యాసాలు రాస్తారు. పై స్థాయి పిల్లలకు ఒకే ఫొటోకు రెండు వ్యాఖ్యలు రాయమనండి, ఒకటి ఆ వార్తను మెచ్చుకునేలా, ఒకటి తప్పుపట్టేలా. ఫొటో మారలేదు, మాట మారింది, చూసేవాడి అభిప్రాయం మారింది. పేపర్లను చూసే చూపు ఆ రోజుతో కొంచెం మారుతుంది.

రాజకీయ కార్టూన్ల గురించి కూడా అడుగుతారేమో. శంకర్, శ్రీధర్ లాంటి మన కార్టూనిస్టుల బొమ్మలు చదివించడానికి చాలా బాగుంటాయి. కానీ కార్టూన్ అర్థం కావాలంటే ఆ రోజు వార్త తెలిసి ఉండాలి. పాత కార్టూన్ తీసుకుంటే బొమ్మకన్నా వెనక కథ చెప్పడానికే పీరియడ్ అయిపోతుంది. నేను వాడటం తగ్గించాను.

గ్రాఫులు. స్టడీ స్కిల్స్ కింద బార్ గ్రాఫ్, పై చార్ట్ ఇచ్చి దాని మీద ప్రశ్నలు అడగడం మన పరీక్ష పేపర్లో మామూలే. సీబీఎస్ఈ పదో తరగతిలోనూ చార్ట్ చూసి అనలిటికల్ పేరాగ్రాఫ్ రాయాలి. మనవాళ్లు చేసే పని ఏమిటంటే గ్రాఫ్‌లోని అంకెలన్నీ వరసగా వాక్యాల్లో దించేయడం. ఒక పని చేసి చూడండి. ఎ సెక్షన్‌లో 96 శాతం, బి సెక్షన్‌లో 100 శాతం పాస్ అయ్యారనుకుని రెండు గ్రాఫులు గీయండి. మొదటిదాంట్లో నిలువు గీత సున్నా నుంచి మొదలవ్వాలి, రెండోదాంట్లో 95 నుంచి. మొదటిదాంట్లో రెండు కడ్డీలూ దాదాపు సమానం. రెండోదాంట్లో బి సెక్షన్ కడ్డీ ఐదు రెట్లు ఎత్తు. అంకెల్లో అబద్ధం లేదు. 'ఎ సెక్షన్ టీచర్ ఏ గ్రాఫ్ హెచ్ఎం గారికి చూపిస్తాడు?' అని అడగండి, క్లాసంతా నవ్వుతుంది. ఆ తర్వాత ఏ గ్రాఫ్ ఇచ్చినా ముందు నిలువు గీత ఎక్కడ మొదలైందో చూడటం అలవాటవుతుంది. వివరణ రాసేటప్పుడు మూడే వాక్యాలు అడుగుతాను: మొత్తం మీద ఏం కనిపిస్తోంది, అన్నిటికన్నా పెద్ద తేడా ఎక్కడ, ఒక కారణం ఏమై ఉండొచ్చు. మార్కులు తెచ్చేది కూడా ఈ పద్ధతే.

అదే పదో తరగతి పుస్తకంలోని సినిమా యూనిట్ గురించి ఎక్కువ చెప్పను. మాయాబజార్ మీద పాఠం ఉంది కాబట్టి 'వివాహ భోజనంబు' ఘట్టం ఒక నిమిషం సౌండ్ ఆపేసి ఫోన్‌లోనో, బడిలో ఉంటే ఐఎఫ్‌పీ ప్యానెల్ (పెద్ద డిజిటల్ తెర) మీదో చూపించండి. రంగారావు గారి ముఖం, చేతులు మాత్రమే చూసి ఏమనుకుంటున్నాడో ఇంగ్లిష్‌లో రాయమనండి. తర్వాత సౌండ్ పెట్టండి. సంగీతం ఎంత పని చేస్తోందో అప్పుడు తెలుస్తుంది. మొత్తం సినిమా వేస్తే ఆదివారం అవుతుంది, పాఠం అవ్వదు.

వాట్సాప్‌లో తిరిగే ఫొటోలు ఇప్పుడు తప్పనిసరిగా చెప్పాల్సినవి. ఎక్కడిదో వరద ఫొటో మన ఊరిదని తిరుగుతుంది. ఏఐతో చేసిన బొమ్మల సంగతి సరేసరి. వేళ్లు లెక్కపెట్టండి, ఆరుంటే ఏఐ అని కొందరు నేర్పుతున్నారు. అది నమ్మకండి, ఆ లోపాలు తొందరగా తగ్గిపోతున్నాయి. ఫొటో మొదట ఎవరు పెట్టారు, ఎప్పుడు, వేరే చోట ఏ పేరుతో ఉంది అని గూగుల్ లెన్స్‌లో వెతికి చూపించండి. పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు కాబట్టి మీ ఫోన్‌లో మీరు చేసి చూపించడం చాలు. తర్వాత వాళ్లు ఒక నోట్ రాయాలి: ఈ ఫొటోను నేను ఫార్వర్డ్ చేస్తానా, చేయనా, ఎందుకు.

తెలుగు వాడొచ్చా? మొదటి అయిదు నిమిషాలు వాడనివ్వండి. ఇద్దరిద్దరు బొమ్మను తెలుగులో మాట్లాడుకోనివ్వండి, అందరి ముందు చెప్పేటప్పుడు ఇంగ్లిష్. ఆలోచన దొరికాక మాట వెతుక్కోవడం తేలిక. రెండూ ఒకేసారి వెతుక్కోమంటే 'ట్రీ సార్' దగ్గరే ఉంటారు. వాళ్లు తెలుగులో అన్న మంచి మాటను మీరు ఇంగ్లిష్‌లో బోర్డు మీద, బొమ్మ పక్కన గీత గీసి రాయండి. ఎమిలీ కాల్హూన్ చెప్పిన పిక్చర్ వర్డ్ ఇండక్టివ్ మోడల్ దాదాపు ఇదే. ఆ మాటలతోనే తర్వాత వాక్యాలు, పేరాలు.

చూపు లేని పిల్లలు, చూపు తక్కువ ఉన్న పిల్లలు క్లాసులో ఉంటే ఈ పాఠాలు వాళ్లను పక్కన పెడతాయని భయపడుతున్నారా? నేను దాన్ని తిప్పేశాను. ఆ పిల్లవాడు బొమ్మను మనసులో కట్టుకునేలా మిగతావాళ్లు ఇంగ్లిష్‌లో వర్ణించాలి, అతను ప్రశ్నలు అడగాలి. ఎక్కడ నిలబడి ఉన్నాడు? ఎటు చూస్తున్నాడు? ఎంత దూరం? ఏది ముఖ్యం, ఏది వదిలేయొచ్చు అని ఎంచుకోవడం వర్ణించేవాళ్లకు అలా వస్తుంది. వెబ్‌సైట్లలో బొమ్మ వెనక రాసే ఆల్ట్ టెక్స్ట్ ఇదే అని చెప్పండి. అలాంటి పిల్లలు లేని క్లాసులో కూడా ఒకరిని కళ్లు మూసుకోమని చేయించవచ్చు, కానీ నిజంగా వినేవాడు ఉన్నప్పుడు వాక్యాల్లో వచ్చే శ్రద్ధ వేరు.

మార్కుల దగ్గర అసలు చిక్కు. ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) ప్రాజెక్టులకు చార్టులు తెమ్మంటే స్కెచ్ పెన్నుల బోర్డర్లు, మెరుపు పొడి, గూగుల్ నుంచి అంటించిన బొమ్మలు వస్తాయి. చాలా బడుల్లో అందంగా ఉన్నదానికి ఎక్కువ మార్కులు పడిపోతాయి. అలాంటప్పుడు మనం కొలిచింది ఆ ఇంట్లో అక్క చేతిరాతను. నేను పెట్టుకున్న నియమం: చార్ట్‌తో పాటు అరపేజీ డిజైన్ నోట్ ఉండాలి, అది క్లాసులో నా ముందే రాయాలి. ఈ రంగు ఎందుకు, ఈ బొమ్మ ఎందుకు మధ్యలో, ఈ అక్షరాలు ఎందుకు పెద్దవి, ఎవరి కోసం చేశావు. మార్కుల్లో సగానికి పైగా ఆ నోట్‌కే. మిగతావి బొమ్మ, మాట ఒకదానికొకటి పనికొస్తున్నాయా అన్నదానికి. బొమ్మలో ఉన్నదే కింద మాటల్లో మళ్లీ రాస్తే ఒక్కటే పని రెండుసార్లు చేసినట్టు. మెరుపు పొడికి సున్నా. మొదటి ఎఫ్ఏలో పిల్లలు అలుగుతారు, రెండో దానికి సర్దుకుంటారు.

సిలబస్ సంగతి. ఫేస్ షీట్‌కు ఎలాగూ ఒక పీరియడ్ ఉంది, దాన్ని పూర్తిగా వాడండి. ఒక్కో యూనిట్‌కు ఒక బొమ్మ పని, అంతే. అన్ని పాఠాలకూ పెట్టబోయి రెండు నెలల్లో ఆపేసినవాళ్లను స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే సమావేశాల్లో) చాలామందిని చూశాను. పదో తరగతిలో డిసెంబర్ తర్వాత కొత్తవేమీ మొదలుపెట్టకండి, అప్పుడు రివిజన్ తప్ప మరేదీ పిల్లల తలకెక్కదు. ఎనిమిది, తొమ్మిదిలో అలవాటు చేస్తే పదిలో వాళ్లే మీకు సాయపడతారు. ప్రొజెక్టర్ లేకపోతే ఐదారుగురికి ఒక కలర్ ప్రింట్ చాలు. జిరాక్స్‌లో నలుపు తెలుపు తీయొద్దు, రంగు పోతే పాఠంలో సగం పోయినట్టే. ఒకసారి ల్యామినేషన్ చేయిస్తే నాలుగేళ్లు వస్తాయి. పాత క్యాలెండర్లు, విత్తనాల పొట్లాలు, బస్సు వెనక ప్రకటనలు, పెళ్లి శుభలేఖలు అన్నీ పనికొస్తాయి. శుభలేఖలో ఎవరి పేరు ఏ సైజులో ఉందో చూడమంటే చాలు, ఒక పీరియడ్ నడుస్తుంది.

చివరగా, పిల్లలు చేసిన పోస్టర్లను ఫొటో తీసి స్టేటస్ పెట్టుకోవాలని అనిపిస్తుంది. పోస్టర్ పెట్టండి, దాన్ని పట్టుకున్న పిల్లల ముఖాలు మాత్రం తల్లిదండ్రులను అడక్కుండా పెట్టకండి. మీ ఎనిమిదో తరగతి ఫేస్ షీట్‌తో ఎలా జరిగిందో, ఎక్కడ ఆగిందో రాయండి. ఏ బొమ్మో చెబితే దానికి ప్రశ్నలు ఎలా అల్లాలో విడిగా రాస్తాను.